అప్‌గ్రేడ్ తర్వాత ఫేడర్లు మొరాయిస్తే: హోమ్ స్టూడియోని మళ్లీ దారిలో పెట్టే పద్ధతి

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. వద్దనుకుంటూ వాయిదా వేసినవాళ్లలో కూడా చాలామందికి ఆ తర్వాత కొత్త విండోస్‌కి మారక తప్పలేదు. కృష్ణానగర్‌లో డబ్బింగ్ ట్రాకులు చేసేవాళ్లు, కూకట్‌పల్లి ఫ్లాట్‌లో ఒక బెడ్‌రూమ్‌కి ఫోమ్ అంటించి స్టూడియో చేసుకున్నవాళ్లు, ఎవరిని కదిపినా ఒకటే మాట: "అన్నా, సౌండ్ వస్తోంది గానీ ఫేడర్లు చచ్చిపోయాయి." ఫేడర్లంటే కంట్రోలర్ అనే పెట్టె మీద చేత్తో పైకీ కిందికీ జరిపి ట్రాకుల వాల్యూమ్ మార్చే మీటలు. మ్యాక్ వాడేవాళ్ల బాధ కాస్త వేరు. వాళ్లకి ఫేడర్లు బాగానే ఉంటాయి, ప్లగిన్లు (సాఫ్ట్‌వేర్‌కి తగిలించే ఎఫెక్టులు, వాద్యాలు) కనబడకుండా పోతాయి.

నిన్న రాత్రి దాకా పనిచేసిన కంట్రోలర్ అప్‌డేట్ అయిన పూటే కాలిపోవడం చాలా అరుదు. మధ్యలో ఏదో ఒక లింకు తెగి ఉంటుంది. ఆ లింకులు వరసగా కరెంటు, కేబుల్, ఆపరేటింగ్ సిస్టమ్, డ్రైవర్, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్, చివర్న ఆ సాఫ్ట్‌వేర్‌కీ కంట్రోలర్‌కీ మధ్య నడిచే ప్రోటోకాల్. వెతకడం ఈ వరసలోనే సాగాలి. చాలామంది తిరగేసి మొదలుపెడతారు. ముందు సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కిస్తారు, ఆ పనిలో తమ టెంప్లేట్లు, షార్ట్‌కట్‌లు పోగొట్టుకుంటారు, చివరికి చూస్తే అడాప్టర్ వదులుగా ఉంటుంది.

దేన్నీ ముట్టుకోకముందు

రేపు పొద్దున డెలివరీ ఉంటే రిపేరు పెట్టుకోవద్దు, వెనక్కి వెళ్లండి. విండోస్ 10 నుంచి 11కి అప్‌గ్రేడ్ అయినవాళ్లకి సాధారణంగా 10 రోజుల వరకు సెట్టింగ్స్‌లో సిస్టమ్, రికవరీ కింద "గో బ్యాక్" అనే దారి ఉంటుంది. ఆ గడువు దాటాక విండోస్ పాత ఫైళ్లను తీసేస్తుంది. ఇక రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లు. రీపర్ అయితే పాత వెర్షన్లన్నీ వాళ్ల సైట్‌లోనే దొరుకుతాయి, కొత్తదాని మీదే పాతది ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. క్యూబేస్‌లో పెద్ద వెర్షన్లు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి పాతదాన్ని తీసేసి ఉండకపోతే చాలు. లాజిక్ ప్రో సంగతి వేరు. యాప్ స్టోర్ పాతదాన్ని తీసి ఆ స్థానంలో కొత్తది పెడుతుంది. అందుకే అప్‌డేట్ నొక్కకముందే పాత యాప్‌ని జిప్ చేసి దాచుకోవాలి. వెనక్కి వెళ్లేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి: కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ప్రాజెక్ట్ పాతదాంట్లో తెరుచుకుంటుందన్న హామీ లేదు. కొత్తదాంట్లో తెరిచిన ప్రతి ప్రాజెక్ట్‌ని వేరే పేరుతో సేవ్ చేయండి.

వ్యవధి ఉంటే ముందు సెట్టింగ్స్ ఫోల్డర్‌ని కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. రీపర్‌లో ఆప్షన్స్ మెనూలో "షో రీపర్ రిసోర్స్ పాత్" నొక్కితే ఆ ఫోల్డర్ నేరుగా తెరుచుకుంటుంది. క్యూబేస్ సెట్టింగ్స్ విండోస్‌లో యాప్‌డేటా, రోమింగ్ లోపల స్టైన్‌బర్గ్ ఫోల్డర్‌లో, మ్యాక్‌లో లైబ్రరీ ప్రిఫరెన్సెస్‌లో ఉంటాయి. ఇక పక్కన ఒక కాగితం పెట్టుకుని, మార్చినదల్లా రాసుకుంటూ పోండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మూడు ఒకేసారి మార్చాక పని చేసిందనుకోండి, దేనివల్ల చేసిందో తెలియదు. వచ్చే అప్‌డేట్‌కి కథ మళ్లీ మొదటికి వస్తుంది.

కరెంటు, కేబుల్

మోటార్ ఫేడర్లున్న, అంటే ఫేడర్లు వాటంతటవే కదిలే కంట్రోలర్‌కి సాధారణంగా దాని సొంత అడాప్టర్ కావాలి. యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపులు, యూఎస్‌బీ 3 ఇచ్చేది 900. లైట్లు వెలగడానికి అది సరిపోవచ్చు గానీ, మోటార్లు ఒకేసారి తిరగాలంటే చాలకపోవచ్చు. లైట్లు వెలిగి ఫేడర్లు వణుకుతూ ఆగిపోతుంటే ముందు అనుమానించాల్సింది అడాప్టర్‌నే.

అప్‌గ్రేడ్ అంటే కొత్త ల్యాప్‌టాప్ కూడా అయితే మధ్యలో ఒక హబ్ వచ్చి చేరుతుంది, ఎందుకంటే కొత్తవాటిలో పెద్ద యూఎస్‌బీ పోర్టులు తగ్గిపోయాయి. పరీక్ష అయ్యేవరకు హబ్ పక్కన పెట్టి కంట్రోలర్‌ని నేరుగా తగిలించండి. కేబుల్ విషయంలో ఒక మోసం ఉంది. ఫోన్ ఛార్జింగ్‌కి అమ్మే కొన్ని కేబుళ్లలో డేటా తీగలే ఉండవు. సికింద్రాబాద్ సీటీసీలో కొన్నా, కోఠీ గుజరాతీ గల్లీలో కొన్నా "డేటా కేబుల్ ఇవ్వండి" అని అడిగి, వీలైతే అక్కడే ఫోన్ నుంచి ఒక ఫైలు కాపీ చేసి చూసుకోండి.

అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లకి ఇంకో మాట. బోరు మోటారు ఆన్ అయినప్పుడు ఇంట్లో లైట్లు ఒక్క క్షణం మసకబారుతుంటే, ఆ క్షణంలోనే కంట్రోలర్ డిస్‌కనెక్ట్ అవుతుంటే, తప్పు అప్‌డేట్‌ది కాదు. ఆడియో ఇంటర్‌ఫేస్‌నీ (మైకు, స్పీకర్లు తగిలించే పెట్టె) కంట్రోలర్‌నీ ఒకే యూపీఎస్ మీదకి మార్చి చూడండి.

కంప్యూటర్‌కి పరికరం కనబడుతోందా

రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఇంకా తెరవకండి.

విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, వ్యూ మెనూలో "షో హిడెన్ డివైసెస్" పెట్టండి. మీ కంట్రోలర్ పేరు రెండుమూడు సార్లు, కొన్ని మసకగా కనిపించవచ్చు. పరికరాన్ని వేరే పోర్టులో పెడితే చాలాసార్లు విండోస్ దాన్ని కొత్తదిగా లెక్కేస్తుంది. ఒక్కోసారి పేరుకి ముందు "2-" అని అంకె కూడా తగిలిస్తుంది. మీ సాఫ్ట్‌వేర్ పాత పేరు కోసం ఎదురుచూస్తుంటుంది, కొత్త పేరుతో వచ్చినవాణ్ణి పట్టించుకోదు. మసకగా ఉన్న పాత ఎంట్రీలను అన్‌ఇన్‌స్టాల్ చేసి, రీస్టార్ట్ చేసి, ఇక మీదట ఒకే పోర్టుకి కట్టుబడండి. ఆ పోర్టు మీద చిన్న స్టిక్కర్ వేస్తే ఇంట్లో పిల్లలు పీకినా తిరిగి అక్కడే పెట్టొచ్చు.

పసుపు త్రికోణం కనిపిస్తే డ్రైవర్ లోడ్ కాలేదని అర్థం. విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ కింద "మెమరీ ఇంటెగ్రిటీ" ఆన్‌లో ఉంటే కొన్ని పాత డ్రైవర్లను అది అడ్డుకుంటుంది. దాన్ని ఆఫ్ చేయమని యూట్యూబ్‌లో చాలామంది చెబుతారు. నేను మాత్రం ముందు తయారీదారు సైట్‌లో కొత్త డ్రైవర్ కోసం చూడమంటాను. బ్యాంకు పనులు కూడా అదే కంప్యూటర్లో చేసేవాళ్లు ఆ రక్షణ తీసేయడం మంచిది కాదు.

పది నిమిషాలు పనిచేసి తర్వాత ఆగిపోతుంటే అది నిద్ర సమస్య. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్‌ల పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో "కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు" అనే అర్థమొచ్చే టిక్ తీసేయండి. పవర్ ప్లాన్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్‌ని కూడా డిజేబుల్ చేయండి. పెద్ద అప్‌డేట్ తర్వాత ఈ రెండూ మళ్లీ ఆన్ అయి ఉండొచ్చు, కాబట్టి పోయినేడు మార్చాను కదా అనుకోవద్దు.

మ్యాక్‌లో ఆడియో మిడి సెటప్ తెరిచి, విండో మెనూ నుంచి మిడి స్టూడియో చూపించమనండి. (మిడి అంటే వాద్యాలు, కంట్రోలర్లు కంప్యూటర్‌తో మాట్లాడే పద్ధతి.) కంట్రోలర్ బొమ్మ మసకగా ఉంటే సిస్టమ్‌కి అది అందడం లేదు. ఆ మసక బొమ్మని తీసేసి కేబుల్ మళ్లీ పెట్టండి. ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో మైక్రోఫోన్ అనుమతి చూడండి. అది లేకపోతే ట్రాక్ రికార్డ్ అవుతున్నట్టే కదులుతుంది, లోపల మాత్రం నిశ్శబ్దం. విండోస్‌లోనూ ఇలాంటి మైక్ అనుమతి ఒకటుంది, డెస్క్‌టాప్ యాప్‌లకి అది విడిగా ఇవ్వాలి. పాత ఫైర్‌వైర్ (యూఎస్‌బీ లాంటి పాతకాలపు కనెక్షన్) ఇంటర్‌ఫేస్ వాడేవాళ్లు మ్యాక్‌ఓఎస్ 26 జోలికి పోకండి, అందులో ఫైర్‌వైర్ సపోర్టే తీసేశారు.

సౌండ్ సంగతి ముందు తేల్చండి

ఫేడర్ల దాకా వెళ్లేముందు ఆడియో సరిగా ఉందో లేదో చూడాలి. అప్‌గ్రేడ్ తర్వాత రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ మీ ఇంటర్‌ఫేస్ ఆసియో డ్రైవర్‌ని (ఆలస్యం లేకుండా సౌండ్ చేరవేసే ఆడియో డ్రైవర్) వదిలేసి ల్యాప్‌టాప్ సొంత సౌండ్‌కో, ఏదో జెనరిక్ ఆసియోకో మారిపోవడం మామూలే. ఆడియో సెట్టింగ్స్‌లో మీ ఇంటర్‌ఫేస్ తయారీదారు ఆసియోనే ఎంచుకోండి.

పాట స్పీడు, శ్రుతి మారి వినిపిస్తే శాంపుల్ రేట్ (సెకనుకి సౌండ్‌ని ఎన్నిసార్లు కొలుస్తారన్నది) తేడా. 44.1 కిలోహెర్ట్జ్‌లో రికార్డ్ చేసినదాన్ని 48లో ఆడిస్తే దాదాపు 9 శాతం వేగం పెరుగుతుంది, శ్రుతి ఒకటిన్నర సెమీటోన్ దాకా ఎక్కుతుంది. ఒకటి శ్రుతిలో పాడిన కీర్తన ఒకటిన్నరకీ రెండుకీ మధ్య ఎక్కడో తేలుతుంది. సినిమా, డబ్బింగ్ పని అయితే 48, ఆడియో పాట మాత్రమే అయితే 44.1. ఏదైనా సరే ప్రాజెక్ట్‌లో, ఇంటర్‌ఫేస్‌లో, విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో ఒకటే ఉండాలి.

టపటపమని శబ్దాలు వస్తే బఫర్ (సౌండ్‌ని ఒకసారికి ఎంత పోగేసి పంపాలన్నది) పెంచండి. 48 కిలోహెర్ట్జ్‌లో 128 శాంపుళ్ల బఫర్ అంటే 2.7 మిల్లీసెకన్లు, 1024 అంటే 21. పాడేటప్పుడు 128, మిక్స్ చేసేటప్పుడు 1024 పెట్టుకోవచ్చు. 1024 పెట్టినా టపటపలు ఆగకపోతే లేటెన్సీమాన్ అనే టూల్‌ని ఓ పావుగంట నడపండి. ఏ డ్రైవర్ అడ్డుపడుతోందో పేరుతో చూపిస్తుంది. చాలాసార్లు అది వైఫై డ్రైవర్, లేదంటే గ్రాఫిక్స్ డ్రైవర్.

అసలు పరీక్ష: తెగింది ఎటువైపు?

మోటార్ ఫేడర్ కంట్రోలర్‌కి రెండు దారులు ఉంటాయి. మీ వేలు కదిపింది సాఫ్ట్‌వేర్‌కి చేరే దారి ఒకటి, సాఫ్ట్‌వేర్ తిరిగి జవాబిచ్చే దారి ఇంకొకటి. సెట్టింగ్స్‌లో ఇవి ఇన్‌పుట్, అవుట్‌పుట్ అని విడివిడిగా ఉంటాయి. అప్‌గ్రేడ్‌లో ఒకటి నిలిచి ఇంకొకటి పోవచ్చు. అందుకే "పనిచేయట్లేదు" అని ఒక్క మాటలో తేల్చేయకుండా రెండు పరీక్షలు చేయండి.

మొదటిది: ఆటోమేషన్ (ముందే రాసిపెట్టిన ఫేడర్ కదలికలు) ఏమీ లేని ఖాళీ ప్రాజెక్ట్‌లో ట్రాక్ ఫేడర్‌ని స్క్రీన్ మీద మౌస్‌తో కదపండి. కంట్రోలర్ మీద ఫేడర్ దానికదే కదిలితే అవుట్‌పుట్ దారి బాగుంది. కదలకపోతే సాఫ్ట్‌వేర్‌లో ఆ కంట్రోలర్ అవుట్‌పుట్ పోర్టు ఖాళీగానో, తప్పుగానో ఉంది.

రెండోది: కంట్రోలర్ మీద ఫేడర్‌ని వేలితో పైకి తోసి వదలండి. స్క్రీన్ మీద కదిలి, మీది అక్కడే నిలబడితే ఇన్‌పుట్ బాగుంది. స్క్రీన్ మీద ఏమీ కదలకుండా మీ ఫేడర్ మాత్రం టక్కున పాత చోటికి జారిపోతే, మీ మాట సాఫ్ట్‌వేర్‌కి చేరలేదు. చాలా కంట్రోలర్లు వాడే మాకీ కంట్రోల్ అనే ప్రోటోకాల్‌లో ఫేడర్ తనంతట తాను నిలబడదు. సాఫ్ట్‌వేర్ "సరే, ఇక్కడుండు" అని జవాబు పంపితేనే ఆగుతుంది. జవాబు రాకపోతే వెనక్కి వెళ్లిపోతుంది. దీన్ని చూసి మోటార్ పోయిందని సర్వీస్ సెంటర్‌కి మోసుకెళ్లినవాళ్లున్నారు. ఖాళీ ప్రాజెక్ట్‌లో చేయమన్నది కూడా ఇందుకే. ట్రాక్ రీడ్ మోడ్‌లో (ఆటోమేషన్‌ని పాటించే స్థితిలో) ఉండి పాత ఆటోమేషన్ గీత ఉంటే, అన్నీ బాగున్నా ఫేడర్ ఆ గీత దగ్గరికే తిరిగి వెళ్తుంది.

రెండు దారులూ బాగుండి బటన్లు మాత్రం పిచ్చిగా ప్రవర్తిస్తుంటే, ప్లే నొక్కితే ఇంకేదో జరుగుతుంటే, అది భాష తేడా. కంట్రోలర్ ఒక ప్రోటోకాల్‌లో మాట్లాడుతోంది, సాఫ్ట్‌వేర్ ఇంకోదాంట్లో వింటోంది. హోమ్ స్టూడియోలో ఎక్కువగా కనిపించేవి రెండు: మాకీ కంట్రోల్, హూయి. ప్రో టూల్స్‌కి హూయి కావాలి, చాలావరకు మిగతావాటికి మాకీ. ఫర్మ్‌వేర్ (కంట్రోలర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తే కంట్రోలర్ తన ఫ్యాక్టరీ మోడ్‌కి వెళ్లిపోవచ్చు. బెరింగర్ ఎక్స్-టచ్‌లో మొదటి చానల్ సెలెక్ట్ బటన్ నొక్కిపట్టి పవర్ ఆన్ చేస్తే మోడ్ మార్చే మెనూ వస్తుంది. అదే మెనూలో యూఎస్‌బీయా, నెట్‌వర్కా, మిడి కేబులా అన్నది కూడా ఉంటుంది. అది మారిపోయి ఉంటే ఎన్ని కేబుళ్లు మార్చినా ప్రయోజనం ఉండదు.

ఏ మోడ్‌లో ఉందో అనుమానం తీరకపోతే కంట్రోలర్ పంపేదాన్ని నేరుగా చూడండి. విండోస్‌లో మిడి-ఆక్స్, మ్యాక్‌లో మిడి మానిటర్ ఉచితంగా దొరుకుతాయి. మొదటి ఫేడర్ కదపండి. హెక్స్‌లో (అంకెలతో పాటు ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు కూడా వాడే లెక్క) ఈ0తో మొదలయ్యే వరసలు వస్తే అది మాకీ మోడ్. మాకీ ఫేడర్ సమాచారం పిచ్ బెండ్ (మామూలుగా శ్రుతిని సాగదీయడానికి వాడే మిడి సందేశం) రూపంలో వెళ్తుంది, దానికి 14 బిట్ల సన్నదనం ఉంటుంది. బీ0 00, బీ0 20 అని జంటగా వస్తే హూయి. మాకీ మోడ్‌లో ప్లే బటన్ నొక్కితే 90 5ఈ 7ఎఫ్ కనబడాలి. ఏమీ రాకపోతే సమస్య ఇంకా కిందే ఉంది, కేబుల్ దగ్గరికి వెనక్కి వెళ్లండి.

చూడటం అయ్యాక ఆ మానిటర్ ప్రోగ్రామ్‌ని తప్పక మూసేయండి. విండోస్‌లో కొన్ని మిడి డ్రైవర్లు ఒక పోర్టుని ఒకసారికి ఒక్క ప్రోగ్రామ్‌కే ఇస్తాయి. తయారీదారు ఎడిటర్ సాఫ్ట్‌వేర్ వెనకాల తెరిచి ఉన్నా, బ్రౌజర్‌లో ఏదైనా మిడి పేజీ ఉన్నా, మీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి పోర్టు దొరకకపోవచ్చు.

ఇంకో వింత ఉంది. ఫేడర్ జరిపితే కీబోర్డ్ ప్యాచ్ శ్రుతి సాగుతుంది, లేదా రికార్డ్ అవుతున్న మిడి ట్రాక్‌లో గీతలు గీతలుగా పిచ్ బెండ్ ఎక్కుతుంది. కంట్రోలర్‌ని సాఫ్ట్‌వేర్ వాద్యంగా కూడా తీసుకుంటోందన్నమాట. పైన చెప్పిన పిచ్ బెండే దీనికి కారణం.

ఏ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడ

రీపర్‌లో ప్రిఫరెన్సెస్‌లో రెండు చోట్ల పని ఉంటుంది. మిడి పరికరాలుండే పేజీలో కంట్రోలర్ పోర్టులని ఎనేబుల్ చేయకుండా వదలండి, అవి అక్కడ ఉంటే వాద్యంలాగా ట్రాక్‌లోకి వచ్చేస్తాయి. తర్వాత కంట్రోల్/ఓఎస్‌సీ/వెబ్ పేజీలో యాడ్ నొక్కి మాకీ కంట్రోల్ యూనివర్సల్ ఎంచుకుని, ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండూ ఇవ్వండి. అప్‌గ్రేడ్ తర్వాత పాత ఎంట్రీ అక్కడే ఉండి పోర్టు మాత్రం ఖాళీ అయి ఉండొచ్చు. దాన్ని సరిదిద్దే బదులు తీసేసి కొత్తది పెట్టడం నయం.

క్యూబేస్‌లో స్టూడియో సెటప్‌లో ప్లస్ నొక్కి మాకీ కంట్రోల్ చేర్చి రెండు పోర్టులూ ఇవ్వండి. అదే కిటికీలో మిడి పోర్ట్ సెటప్‌లో కంట్రోలర్ పోర్టుకి "ఇన్ ఆల్ మిడి ఇన్‌పుట్స్" టిక్ తీసేయండి, శ్రుతి సాగే సమస్య అక్కడితో పోతుంది. 2022లో వచ్చిన క్యూబేస్ 12 నుంచి మిడి రిమోట్ అనే కొత్త ఏర్పాటు ఉంది. పాత మాకీ ఎంట్రీ, కొత్త మిడి రిమోట్ రెండూ ఒకే పోర్టు పట్టుకుంటే ఫేడర్లు తగువులాడుకుంటాయి. ఏదో ఒకటే ఉంచండి.

ప్రో టూల్స్‌లో సెటప్, పెరిఫెరల్స్, మిడి కంట్రోలర్స్‌లో హూయి పెట్టాలి. కంట్రోలర్ ఉన్నట్టుండి ఆఫ్‌లైన్ అని పదేపదే వస్తుంటే పింగ్ సంగతి చూడాలి. హూయిలో సాఫ్ట్‌వేర్ ఎప్పటికప్పుడు ఒక చిన్న పలకరింపు పంపుతుంది, కంట్రోలర్ దానికి బదులివ్వాలి. ఒక దారి తెగినా బదులు అందదు. మిడి ఇన్‌పుట్ డివైసెస్ జాబితాలో కంట్రోలర్‌కి టిక్ ఉందో లేదో చూడండి.

ఎబుల్టన్ లైవ్‌లో కంట్రోల్ సర్ఫేస్ వరసలో మాకీ కంట్రోల్, పక్కనే ఇన్‌పుట్, అవుట్‌పుట్. ఎఫ్ఎల్ స్టూడియోలో ఇన్‌పుట్‌కీ అవుట్‌పుట్‌కీ పోర్ట్ నంబర్ ఒకటే ఉండాలి, అది మరిచిపోతే ఒకవైపే పనిచేస్తుంది. ఎక్స్‌టెండర్ (పక్కన చేర్చే అదనపు ఫేడర్ల పెట్టె) ఉన్నవాళ్లు ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా వరస చూసుకోండి, తారుమారైతే ఒకటో ట్రాక్ తొమ్మిదో ఫేడర్ మీదకి పోతుంది.

ప్లగిన్లు మాయమైతే, తెరిచీ తెరవగానే క్రాష్ అయితే

ముందు ప్లగిన్ ఏ కాలానిదో చూడండి. 2019లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ కాటలీనా నుంచి 32-బిట్ ప్రోగ్రాములు నడవవు. యాపిల్ సిలికాన్ (యాపిల్ సొంత చిప్) మ్యాక్‌లో ఇంటెల్ కాలం నాటి ప్లగిన్ కావాలంటే చాలా సాఫ్ట్‌వేర్లని రోసెట్టాలో (ఇంటెల్ ప్రోగ్రాములని నడిపే యాపిల్ ఏర్పాటు) తెరవాల్సి వస్తుంది. క్యూబేస్‌ని ఆ మ్యాక్‌లో నేటివ్‌గా (రోసెట్టా లేకుండా) తెరిస్తే పాత వీఎస్‌టీ2 రకం ప్లగిన్లు కనబడవు, వీఎస్‌టీ3 రకం మాత్రమే. ప్లగిన్ పోయిందని కంగారుపడి మళ్లీ కొనకముందు, మీ అకౌంట్‌లో కొత్త ఇన్‌స్టాలర్ ఉందేమో చూడండి.

కొన్నిసార్లు తప్పు నిజంగానే ఆపరేటింగ్ సిస్టమ్‌ది. 2024 మార్చిలో మ్యాక్‌ఓఎస్ 14.4 వచ్చినప్పుడు ఐలాక్ రక్షణ (దొంగ కాపీలని ఆపే లాక్) ఉన్న ఆడియో యూనిట్ (యాపిల్ సొంత ప్లగిన్ రకం) ప్లగిన్లు యాపిల్ సిలికాన్ మ్యాక్‌లలో క్రాష్ అయ్యాయి. అదే నెల 14.4.1తో సర్దుకుంది. ఆ మధ్య రోజుల్లో సెట్టింగ్స్ ఎంత తిప్పినా లాభం లేదు. తయారీదారుల నోటీసులు చదివినవాళ్లకి ఆ టెన్షన్ తప్పింది.

క్యూబేస్ తెరుచుకోకపోతే స్టార్ట్ అవుతుండగా కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మూడూ నొక్కిపట్టండి, సేఫ్ మోడ్ కిటికీ వస్తుంది. ముందు ప్రిఫరెన్సెస్‌ని తాత్కాలికంగా పక్కనపెట్టే ఆప్షన్ వాడండి, డిలీట్ చేసేది కాదు. రీపర్‌లో ప్లగిన్స్, వీఎస్‌టీ పేజీలో కాష్ క్లియర్ చేసి రీస్కాన్. లాజిక్‌లో ప్లగిన్ మేనేజర్ నుంచి రీస్కాన్. ఏ ప్లగిన్ క్రాష్ చేస్తోందో తెలియకపోతే సగం ప్లగిన్లని వేరే ఫోల్డర్‌కి జరిపి తెరవండి. తెరుచుకుంటే దోషి ఆ జరిపిన సగంలో ఉంది. దాన్ని మళ్లీ సగం చేయండి. వంద ప్లగిన్లున్నా ఏడు సార్లకి మించి పట్టదు.

అన్నీ పనిచేశాక

వెంటనే ఆ స్థితిని భద్రపరచండి. సెట్టింగ్స్ ఫోల్డర్‌ని మళ్లీ కాపీ చేసి తేదీ వేయండి. కంట్రోలర్ మోడ్, ఫర్మ్‌వేర్ నంబర్, డ్రైవర్ వెర్షన్, ఆ స్టిక్కర్ వేసిన పోర్టు, ఇవన్నీ కాగితం మీద రాసి ఫోన్‌లో ఫోటో తీసుకోండి. డిస్క్ మొత్తానికి ఒక ఇమేజ్ తీసి బయటి డ్రైవ్‌లో పెట్టగలిగితే ఇంకా మంచిది.

విండోస్ అప్‌డేట్‌ని సెట్టింగ్స్‌లోంచే అయిదు వారాల దాకా ఆపొచ్చు. ఆ గడువు ముగిసే తేదీ ఏ డెలివరీ వారంలోనూ పడకుండా ఇప్పుడే క్యాలెండర్‌లో చూసుకోండి. మ్యాక్‌లో ఆటోమేటిక్ అప్‌డేట్స్‌లో మ్యాక్‌ఓఎస్ ఇన్‌స్టాల్ అనే స్విచ్ ఒక్కటి ఆఫ్ చేసి, సెక్యూరిటీ ప్యాచ్‌ల స్విచ్ ఆన్‌లోనే ఉంచండి.